1922 జర్మనీ ఫైనల్: తేలని ఆటను ఎలా తేల్చితే మేలు?

జర్మనీ ఫుట్‌బాల్ ఛాంపియన్ల పట్టికలో 1922 ఎదురుగా ఏ పేరూ ఉండదు. అది యుద్ధంతో పోటీలు ఆగిపోయిన ఏడు కాదు. పోటీ జరిగింది, ఫైనల్ కూడా రెండుసార్లు జరిగింది. రెండూ కలిపి 294 నిమిషాలు ఆడారు. అయినా తేలలేదు.

రెండు జట్లు సమంగా నిలిస్తే ఏం చేయాలన్న ప్రశ్నకు మన క్రికెట్‌లోనూ చాన్నాళ్లు సరైన జవాబు లేదు. 2019 ప్రపంచకప్ ఫైనల్లో సూపర్ ఓవర్ కూడా టై అయితే బౌండరీలు లెక్కపెట్టి ఇంగ్లండ్‌కు కప్పు ఇచ్చేశారు. ఆ రాత్రి తిట్టుకోనివాళ్లు తక్కువ. కానీ 1922లో హాంబర్గ్, న్యూరెంబర్గ్ జట్లు పడ్డ పాట్లు చూస్తే బౌండరీల లెక్కే నయమనిపిస్తుంది.

మొదటి దారి, గోల్ పడేదాకా ఆడుతూనే ఉండటం. జూన్ 18న బెర్లిన్‌లో అదే చేశారు. 19వ నిమిషంలో హాంబర్గ్ ఆటగాడు రావే గోల్ కొట్టాడు. మరు నిమిషంలోనే ట్రేగ్ సమం చేశాడు. 30వ నిమిషంలో పోప్ గోల్‌తో న్యూరెంబర్గ్‌ది పైచేయి అయింది. 1920, 1921 రెండేళ్లూ ఛాంపియన్లు వాళ్లే కాబట్టి మూడోదీ వాళ్లదే అనుకుంటుండగా 86వ నిమిషంలో ఫ్లోర్ స్కోరు 2-2 చేశాడు. ఇక అక్కడి నుంచి మొదలైంది అసలు తంటా. అదనపు సమయం అయిపోయింది, దాని మీద మళ్లీ అదనపు సమయం. సబ్‌స్టిట్యూట్లు లేని కాలం, దిగిన పదకొండుమందే చివరిదాకా పరిగెత్తాలి. ఫ్లడ్‌లైట్లూ లేవు. 189 నిమిషాలయ్యాక చీకటి పడి బంతి కనబడకపోతే రెఫరీ పెకో బావెన్స్ ఆట ఆపేశాడు.

పైకి చూస్తే ఇంతకన్నా న్యాయమైన పద్ధతి లేదు. గెలిపించేది గోలే, ఇంకేదీ కాదు. కానీ రెండున్నర గంటలు దాటాక అక్కడ పోటీ ఆటలో కాదు, ఎవరి పిక్కలు ముందు పట్టేస్తాయన్న దాంట్లో.

రెండో దారి, ఇంకో రోజు మళ్లీ ఆడించడం. కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది, ఇది మంచిదే. ఆగస్టు 6న లైప్‌జిగ్‌లో మళ్లీ దిగారు. వచ్చిన చిక్కల్లా, పాత కసి కూడా వాళ్లతో పాటే మైదానంలోకి దిగింది. 18వ నిమిషంలోనే న్యూరెంబర్గ్ ఆటగాడు బ్యోస్‌ను రెఫరీ బయటికి పంపాడు. పదిమందితోనే ఆడుతూ కూడా ట్రేగ్ 48వ నిమిషంలో గోల్ కొట్టాడంటే వాళ్ల మొండితనం ఏపాటిదో చూడండి. 69వ నిమిషంలో హాంబర్గ్ సమం చేసింది. కుగ్లర్ గాయంతో తప్పుకోవడంతో న్యూరెంబర్గ్‌కు తొమ్మిదిమందే మిగిలారు. గోల్ కొట్టిన ఆ ట్రేగ్‌నే అదనపు సమయంలో రెఫరీ బయటికి పంపాడు, ఎనిమిది. పోప్ కుప్పకూలిపోయాడు, ఏడు. అప్పటి నిబంధన ప్రకారం ఎనిమిదిమంది కన్నా తక్కువైతే ఆడించకూడదు. 105వ నిమిషం దగ్గర 1-1తో రెండో ఫైనల్ కూడా ఆగిపోయింది. ఎదుటి జట్టులో మనుషులు ఒక్కొక్కరే రాలిపోతున్నా హాంబర్గ్ రెండో గోల్ కొట్టలేకపోయింది. ఈ ముక్క ఎవరూ పెద్దగా ప్రస్తావించరెందుకో!

మూడోది బల్ల దగ్గరి తీర్పు. జర్మన్ ఫుట్‌బాల్ సంఘం టైటిల్ హాంబర్గ్‌కు ఇచ్చింది, న్యూరెంబర్గ్ అప్పీలుకు వెళ్లింది. వాదోపవాదాలు నడిచి నడిచి నవంబర్‌లో యేనాలో జరిగిన సమావేశంలో మళ్లీ హాంబర్గే ఛాంపియన్ అన్నారు. వెంటనే హాంబర్గ్ ఆ టైటిల్ వదులుకుంది. ఇష్టపడి వదులుకుందా, వదులుకోమన్నారా అన్నది నేటికీ చర్చే. నా మటుకు నాకు అన్నిటికన్నా నాసిరకం దారి ఇదే. మైదానంలో దిగినవాళ్లకు చేతులు కట్టుకుని ఎదురుచూడటం తప్ప ఇందులో పనే లేదు.

నాలుగోది టాస్. 1965లో యూరోపియన్ కప్ క్వార్టర్‌ఫైనల్లో జర్మనీ జట్టు కొలోన్, లివర్‌పూల్ మూడు మ్యాచ్‌ల్లో 300 నిమిషాలు ఆడినా తేలలేదు. రోటర్‌డామ్‌లో రెఫరీ ఎరుపు, తెలుపు బిళ్ల ఎగరేశాడు. అది బురదలో అంచు మీద నిలబడిపోయింది! మళ్లీ ఎగరేస్తే లివర్‌పూల్ గెలిచింది. పాపం కొలోన్.

చివరిది పెనాల్టీ షూటౌట్, అంటే రెండు జట్లూ వంతులవారీగా గోల్‌కీపర్ ఎదురుగా ఒక్కొక్క షాట్ కొట్టడం. 1970లో బవేరియా రెఫరీ కార్ల్ వాల్డ్ ఈ పద్ధతి కోసం పట్టుబట్టాడు, అదే ఏడు నిబంధనల్లోకి వచ్చింది. లాటరీ అని తిట్టేవాళ్లున్నారు, నేనూ చాలాసార్లు తిట్టాను. టెన్షన్ తట్టుకోలేక టీవీ ముందు నుంచి లేచిపోయిన రోజులూ ఉన్నాయి. కానీ టాస్‌లో లేనిది ఇందులో ఒకటుంది. బంతిని కొట్టేదీ ఆపేదీ ఆటగాళ్లే. పైగా ఎంతసేపు పట్టినా ఆ రోజే తేలిపోతుంది.

అందుకే నా ఓటు పెనాల్టీలకే. కాకపోతే దేశ ఛాంపియన్‌ను తేల్చే ఫైనల్ అయితే మాత్రం ముందు ఒక్కసారి, ఒక్కసారే, మళ్లీ ఆడించి చూడాలంటాను. ఆ రెండో రోజూ తేలకపోతే మారు మాట్లాడకుండా పెనాల్టీలకు వెళ్లాలి.

1923లో హాంబర్గ్ ఛాంపియన్ అయింది. ఆ మరుసటి ఏడు, అంటే 1924లో, పాత ప్రత్యర్థులిద్దరూ మళ్లీ ఫైనల్లో తలపడ్డారు, అదీ బెర్లిన్‌లోనే. న్యూరెంబర్గ్ 2-0తో గెలిచింది. ఈసారి 90 నిమిషాల్లోనే అయిపోయింది.