అరకు ఘాట్‌లో పడ్డాక: లాడ్జి, ఆసుపత్రి, మెకానిక్కు

పడింది అనంతగిరి దాటాక, కాఫీ తోటల మధ్య ఒక కుడి మలుపులో. స్పీడు ముప్పై కూడా లేదు. సిల్వర్ ఓక్ చెట్ల నీడకి ఆ రోడ్డు పొద్దున్న పదైనా ఆరలేదు, పైగా మలుపులో సన్న కంకర, ఎదురుగా జీపొకటి నా మీదకే వస్తున్నట్టనిపించి బండి వంగి ఉండగానే ముందు బ్రేకు గట్టిగా నొక్కేశాను, అంతే, నేనూ నా యూనికార్న్ బండీ చెరో దారిన జారిపోయాం. జీపతని తప్పేమీ లేదు, తన వైపే వస్తున్నాడు.

"ఒరే, లెగొద్దు, ముందు కాళ్లూ చేతులూ కదుపు" అని వెనక రెండో బండి మీద వస్తున్న ఇద్దరు స్నేహితులూ అరుస్తూ వచ్చారు. ఒకడు నన్ను పట్టుకుంటే ఇంకొకడు బండి తాళం తీసి, పెట్రోలు కారుతోందేమో చూసి పక్కకి లాగాడు. కుడి మోకాలు చెక్కుకుపోయింది, కుడి అరచేయి తోలు లేచింది (గ్లవ్స్ బ్యాగులో భద్రంగా ఉన్నాయి). హెల్మెట్‌కి గడ్డం దగ్గర గీత పడింది, హాఫ్ హెల్మెట్ అయ్యుంటే ఆ గీత నా గడ్డం మీద ఉండేది. రోడ్డు పక్కన మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నావిడ వచ్చి "కాఫీ పొడి అద్దీమంటారా బాబూ, రగతం ఆగిపోద్ది" అంది. వద్దని, బాటిల్లో నీళ్లన్నీ పోసి మట్టి కడుక్కున్నాను. తర్వాత ఆసుపత్రిలో నర్సు కూడా వద్దనే చెప్పింది, పొడి పెడితే గీకి తీయాలి, అప్పుడు అసలు నొప్పి తెలుస్తుంది అని.

అరకులో సర్కారు ఆసుపత్రికి వెళ్లాం. శనివారం కదా, పట్టించుకుంటారో లేదో అనుకున్నా గానీ అరగంటలో గాయం శుభ్రం చేసి, కట్టు కట్టి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. ఖర్చు సున్నా.

ఇక బస. టూరిజం వాళ్ల హరిత, మయూరి రెండూ ఫుల్ అని ముందే తెలిసి వేరేచోట 2,800కి రూమ్ బుక్ చేశాం, పేరు చెప్పను. కొండ వ్యూ బ్రహ్మాండంగా ఉంది, కాదనను. కానీ రూమ్ రెండో అంతస్తు, మెట్లు నిటారు, లిఫ్ట్ లేదు, వేడినీళ్లు పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా మాత్రమే. కాలు వంగట్లేదు, కింద రూమ్ ఇవ్వండి అంటే "బుకింగ్‌లో వ్యూ రూమ్ అని ఉంది సార్" అన్నాడు! మర్నాడే స్టేషన్ దగ్గర 1,100 లాడ్జికి మారిపోయాం. వ్యూ అంటే ఎదురుగోడే, కానీ కింది రూము, గీజర్ ఎప్పుడు వేసినా వేడినీళ్లు, అడక్కుండానే కూర్చోడానికి ప్లాస్టిక్ కుర్చీ బాత్‌రూమ్‌లో పెట్టారు. మోకాలు బాగున్నవాళ్లకి మొదటిదే నచ్చొచ్చు.

బొర్రా గుహలు మెట్ల దెబ్బకి రద్దు. గిరిజన మ్యూజియం మాత్రం నెమ్మదిగా కుంటుతూ చూశాను. బొంగు చికెన్ రెండు చోట్ల తిన్నాం, ఒకచోట ముక్క ఉడకలేదు, రెండోచోట బొంగు చీల్చగానే వచ్చిన ఆ ఆవిరికే సగం నొప్పి పోయింది.

బండి సంగతి. ముందు బ్రేకు లివర్ కొస విరిగింది, కాలి బ్రేకు ఇంజిన్‌కి ఆనుకుపోయింది, చక్రం తిన్నగా పోతుంటే హ్యాండిల్ పక్కకి చూస్తోంది. మెకానిక్కు కుర్రాడు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాలు) దగ్గర బోల్టులు లూజ్ చేసి, ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, హ్యాండిల్ పట్టుకుని ఒక్క కుదుపు కుదిపాడు, మళ్లీ బిగించాడు. బ్రేకు పెడల్‌కి ఇనప గొట్టం తొడిగి లాగాడు. డూప్లికేట్ లివర్‌తో కలిపి 650 అయింది. "ఈ మలుపులో నెలకి నలుగురొస్తారు సార్ నా దగ్గరికి" అని ధైర్యం చెప్పాడో భయపెట్టాడో అర్థం కాలేదు.

నేను వైజాగ్‌కి దిగింది మాత్రం కిరండోల్ రైల్లో, మామూలు పెట్టెలో. అద్దాల పెట్టెకి ముందుగా రిజర్వేషన్ ఉండాలి. సొరంగాలు యాభైకి పైనే, కాలు చాపుకుని కూర్చున్నా. స్నేహితుడొకడు నా బండి దించాడు.

వైజాగ్‌లో ఒక షోరూమ్‌కి చూపిస్తే ఫోర్క్, హ్యాండిల్, సైలెన్సర్ అన్నీ మార్చాలని 9,400 ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. అక్కడ టెన్షన్ వచ్చింది, పడ్డప్పుడు రాలేదు. కంచరపాలెంలో మాకు తెలిసినాయన ఫోర్క్ గొట్టాలు విప్పి, గాజు పలక మీద దొర్లించి చూపించాడు. వంగి ఉంటే కింద సందు కనపడి టకటకమంటుంది, మావి నిశ్శబ్దంగా దొర్లాయి. ఆయిల్ సీళ్లు, అద్దం, ఫుట్‌రెస్ట్ మార్చి 2,200 తీసుకున్నాడు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయలేదు, ఎందుకంటే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగమే ఇస్తారు, మూడేళ్లుగా క్లెయిమ్ లేక ప్రీమియంలో తగ్గే 35 శాతం బోనస్ కూడా పోతుంది. మీరు చేసే ఉద్దేశం ఉంటే మాత్రం రిపేరుకి ముందే ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పండి, పడ్డచోటే ఫోటోలు తీసుకోండి, నేనైతే అరకులో బాగుచేయించాక గుర్తొచ్చి నాలుక కరుచుకున్నా.

మోకాలి కట్టు పదో రోజు తీశారు. అమ్మకి మెట్ల మీద జారానని చెప్పాను. విరిగిన లివర్ ముక్క ప్యాంటు జేబులో మర్చిపోయా, బట్టలు ఉతుకుతుంటే ఆవిడకే దొరికింది.