నెల్లూరు నుంచి నేలపట్టు, పులికాట్‌లకు ఒక్కరోజు ఫోటోగ్రఫీ యాత్ర: ఏర్పాట్లపై ఒక సమీక్ష

కెమెరా పట్టుకున్న పదిమంది కలిసి సరదాగా ఒక రోజు పక్షులను చూసి రావాలనుకుంటే నెల్లూరు వారికి దగ్గరలో ఉన్న మంచి దారి దక్షిణానికే ఉంటుంది. నగరంలో కొద్దిమంది ఔత్సాహికులు శీతాకాలపు ఆదివారాలలో ఆ దారిన ఒక యాత్రను నడుపుతున్నారు. దీనికి దుకాణం గానీ బోర్డు గానీ లేదు. వాట్సాప్‌లో సమాచారం పంపి, సీట్లు నిండగానే బండి మాట్లాడుకునే ఏర్పాటు కావడం వల్ల ఇక్కడ పేరు రాయడం లేదు. తలకు 1,900 రూపాయలు తీసుకుని నేలపట్టు పక్షుల కేంద్రాన్ని, పులికాట్ సరస్సులో శ్రీహరికోట రోడ్డును చూపించి, సాయంత్రం ఆరు గంటలకల్లా ఇంటికి చేరుస్తామని చెబుతారు. బండి, భోజనం, మర్యాద విషయాలలో వంక పెట్టవలసింది తక్కువే. అయితే ఫోటోగ్రఫీ యాత్ర అని పేరు పెట్టినప్పుడు అన్నిటికన్నా ముందు లెక్క వేయవలసిన వెలుతురు విషయంలో ఈ ఏర్పాటు సగం రోజు సరిగ్గానూ, సగం రోజు తలకిందులుగానూ ఉంది.

ముందుగా సరిగ్గా ఉన్న సగం. తెల్లవారుజామున నాలుగున్నరకు అయ్యప్పగుడి సెంటర్‌లో బండి సిద్ధంగా ఉంటుంది. ఆలస్యంగా వచ్చేవారి కోసం పది నిమిషాలకు మించి ఆగబోమని ముందు రోజే చెబుతారు, అన్నమాట ప్రకారమే కదులుతారు. ఇది కొందరికి కటువుగా అనిపించవచ్చు కానీ నా దృష్టిలో ఈ యాత్రలో అన్నిటికన్నా మెచ్చుకోదగిన నియమం ఇదే. నెల్లూరు నుంచి గూడూరు, నాయుడుపేటల మీదుగా నేలపట్టుకు సుమారు 80 కిలోమీటర్ల దూరం; జాతీయ రహదారి బాగానే ఉన్నా దొరవారిసత్రం దగ్గర లోపలికి మళ్ళి, దిగి, సామాను సర్దుకునేసరికి రెండు గంటలు పడుతుంది. జనవరిలో ఇక్కడ సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో ఉదయిస్తాడు. ఆ వేళకు చెరువు గట్టు మీద ఉండగలిగినవారికి దొరికే మెత్తని వెలుతురు, ఏడున్నరకు టిఫిన్ ముగించుకుని వచ్చేవారికి ఎంత ఖరీదైన లెన్స్ ఉన్నా దొరకదు.

2022లో జరిగిన జిల్లాల పునర్విభజనలో దొరవారిసత్రం, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి గానీ, నేలపట్టు మాదేనన్న భావం నెల్లూరువారికి పోలేదు. 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించిన ఈ చెరువులో, నీటిలో నిలిచి పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు కడతాయి. ఈశాన్య రుతుపవనాల వానలతో చెరువు నిండిన తరువాత, అక్టోబరు నుంచి మార్చి వరకు వీటి సంతాన కాలం. వీటితో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు కూడా ఇక్కడే గూళ్ళు పెడతాయి. వానలు సరిగా పడని ఏడాది పక్షులు తగ్గుతాయి. కాబట్టి సీటుకు డబ్బు కట్టే ముందు చెరువులో నీరు ఎలా ఉందో నిర్వాహకులను అడగడం మంచిది. అడిగినవారికి వీరు దాపరికం లేకుండా చెబుతారు, ఆ వారంలో తీసిన ఫోటో కూడా పంపుతారు.

నేలపట్టులో నిర్వాహకుల పనితీరు నిజంగా బాగుంది. పరిశీలన గోపురం మీదికి అందరినీ ఒకేసారి ఎక్కనివ్వకుండా ముగ్గురు, నలుగురి చొప్పున పంపారు. జనం నడుస్తుంటే గోపురం మీద ట్రైపాడ్ కదులుతూనే ఉంటుందన్న సంగతి వారికి తెలుసు. అందుకే ట్రైపాడ్‌లను కింద ఉంచి, గోపురం అంచు చువ్వ మీద లెన్స్‌ను ఆనించుకోవడానికి ఇసుక నింపిన చిన్న సంచులు ఇచ్చారు. గూళ్ళు చెట్ల కొనలలో ఉంటాయి కనుక గట్టు మీద నుంచి తీసిన చిత్రాలలో పక్షి పొట్ట, దాని వెనుక తెల్లని ఆకాశం తప్ప మరేమీ పడదు. గోపురం మీద నుంచి చూస్తే పక్షి కంటికి సమంగా ఉండి, వెనుక పచ్చదనం వస్తుంది. పిల్ల గూడబాతు తల్లి గొంతు సంచిలోకి తలదూర్చి చేపను అందుకునే దృశ్యాన్ని ఆ ఎత్తు నుంచే తీయగలం.

బృందంలో కెమెరా కొత్తగా కొన్నవారికి వీరు చెప్పిన పాఠం చిన్నదే గానీ పనికివచ్చేది. తెల్లని పక్షి ముదురు ఆకుల ముందు కూర్చున్నప్పుడు కెమెరా ఆ చీకటిని చూసి వెలుతురు పెంచేస్తుంది, దానితో రెక్కల గీతలన్నీ తెల్లగా మాసిపోతాయి. అందువల్ల ఎక్స్‌పోజర్‌ను కొద్దిగా తగ్గించాలి. అదే పక్షి వెలుగు నిండిన ఆకాశంలో ఎగురుతున్నప్పుడు కెమెరా దానిని మసకబారుస్తుంది కనుక కొద్దిగా పెంచాలి. ఎగిరే పక్షికి షట్టర్ వేగం సెకనులో 1,600వ వంతు కన్నా తగ్గకుండా చూసుకోవాలి. ఇంతే చెప్పి వదిలేశారు. అక్కడికి వెళ్ళిన తరువాత గంటసేపు ఉపన్యాసం వినే ఓపిక ఎవరికి ఉంటుంది?

ఫోన్ మాత్రమే ఉన్నవారి గురించి ఎవరూ ఆలోచించకపోవడం ఇక్కడి లోపం. సరదా బృందమంటే సగంమంది చేతిలో ఫోనే ఉంటుంది, వారు దూరంలోని పక్షిని జూమ్ చేసి చేసి చుక్కలుగా మార్చుకుని నిరాశపడుతుంటారు. నీటిలో చెట్ల వరుసలు, గుంపుగా దిగే పక్షుల నీడలు, గట్టు మీద లెన్స్‌లు సర్దుకుంటున్న తోటివారు ఫోన్‌కు చక్కగా లొంగే విషయాలే. వాటి వైపు చేయి చూపించే మనిషి ఒకరుంటే చాలు.

అసలు అభ్యంతరం తొమ్మిది గంటల తరువాత మొదలవుతుంది. గూడబాతు రెక్కలు చాచితే రెండు మీటర్లు దాటుతుంది. అంత బరువైన పక్షి నేల వేడెక్కి గాలి పైకి లేచే వేళ కోసం చూసి, ఆ గాలి మీద చుట్లు తిరుగుతూ ఎత్తుకు పోతుంది. ఎండ కొంచెం ముదిరాక గుంపులు గుంపులుగా లేచి తిరిగే ఆ దృశ్యం మొదలయ్యే సమయానికే మా బండి హారన్ మోగింది. కార్యక్రమం ప్రకారం తొమ్మిదింటికి బయలుదేరి, సూళ్లూరుపేటలో టిఫిన్ ముగించి, పదకొండు గంటలకు పులికాట్ చేరి, రెండింటికి తిరుగు ప్రయాణం కావాలి. పక్షులు పైకి లేచే వేళకు మేము ఇడ్లీల ముందు ఉన్నాం, నీరు ఆవిరెత్తే వేళకు సరస్సు ముందు ఉన్నాం.

పులికాట్ గురించి తెలిసినవారెవరూ ఆ వేళ ఎంచుకోరు. చిలికా తరువాత దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది; లోతు తక్కువ, విశాలం ఎక్కువ. రాజహంసలు (ఫ్లెమింగోలు) మోకాలి లోతు నీటిలో, రోడ్డుకు చాలా దూరంగా మేస్తుంటాయి. ఎండ ఎక్కిన తరువాత ఆ బురద మీద నుంచి లేచే వేడిగాలి పొరల గుండా తీసిన ప్రతి చిత్రమూ అలలు అలలుగా కరిగిపోయినట్టు వస్తుంది. దీనికి ఫోకస్‌ను నిందించి లాభం లేదు, ఖరీదైన 600 ఎంఎం లెన్స్ కూడా దీనిని సరిచేయలేదు. అదే మూడున్నర తరువాత వెళితే వేడి తగ్గి, వెలుతురు పసుపు తిరిగి, రెక్కల కింది గులాబీ రంగు బయటపడుతుంది. ఈ సంగతి నిర్వాహకులకు తెలియదని అనుకోను. చీకటి పడకముందే ఇల్లు చేరాలన్న కుటుంబాల కోరికకు తలవంచి సమయాలు అలా పెట్టారని తెలిసింది. కోరిక న్యాయమైనదే, అలాంటప్పుడు దానికి విహారయాత్ర అని పేరు పెట్టి, ఫోటోగ్రఫీ కోసం వేరే రోజు కేటాయించాలి.

రోడ్డు మీద ఎక్కడ నిలబడాలన్న విషయంలోనూ ఆలోచన చాలలేదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్ళే ఈ దారి సరస్సును పడమర నుంచి తూర్పుకు దాటుతుంది. శీతాకాలంలో సూర్యుడు పగలంతా దక్షిణం వైపుకే వాలి ఉంటాడు కనుక ఉత్తరం వైపు నీటిలోని పక్షుల మీద వెలుతురు నిండుగా పడుతుంది, దక్షిణం వైపువి నల్లని ఆకారాలుగా కనిపిస్తాయి. మా బండిని దక్షిణం వైపు గుంపు పెద్దదిగా ఉందని అక్కడే ఆపారు. ఉత్తరాన ఉన్నది చిన్న గుంపే అయినా చిత్రాలు అక్కడే వచ్చేవి. పైగా అంతరిక్ష కేంద్రం బస్సులు, లారీలు తిరిగే ఈ దారికి అంచులు వెడల్పు కావు. లెన్స్‌లో కన్ను పెట్టి వెనక్కి అడుగు వేసే అలవాటు ఉన్నవారిని చూసుకోవడానికి ఒక మనిషి ప్రత్యేకంగా ఉండాలి. ఆ పనిని ఎవరూ చెప్పకుండానే తన మీద వేసుకున్న మా డ్రైవర్ పెద్దాయనకు నా లెక్కలో పూర్తి మార్కులు. శ్రీహరికోట వైపు తనిఖీ కేంద్రం దాటి కెమెరాలతో వెళ్ళే ప్రసక్తి లేదు, డ్రోన్ మాట ఎత్తనే కూడదు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజున ఈ దారిలో రద్దీ వేరుగా ఉంటుంది కనుక తేదీ చూసుకుని వెళ్ళాలి.

పక్షులను కదిలించరాదన్న నియమాన్ని వీరు గట్టిగానే పాటించారు. వేరే కారులో వచ్చినవారు చప్పట్లు కొట్టి రాజహంసలను లేపబోతే, మా నిర్వాహకుడు వెళ్ళి నెమ్మదిగా నచ్చజెప్పి ఆపాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో ప్రాణులను వేధించడం, చెత్త వేయడం నేరమని చాలామందికి తెలియదు. మేత మధ్యలో లేచిపోయిన గుంపు ఎక్కడో దూరంగా దిగుతుంది, ఆ తరువాత వచ్చేవారికి ఆ పూట నీళ్ళు మాత్రమే మిగులుతాయి.

భోజనం సూళ్లూరుపేటలో ఒక మెస్సులో పెట్టించారు. చేపల పులుసు బాగుంది, వడ్డన నిదానం. ఆడవారికి మరుగుదొడ్డి సౌకర్యం ఉన్న పెట్రోలు బంకులను ముందే గుర్తించి రెండు చోట్ల ఆపడం చిన్న విషయంగా కనిపించినా, ఇటువంటి ప్రయాణాలలో చాలామంది నిర్వాహకులు మరచిపోయేది అదే. అదనంగా డబ్బు కడితే భీమునివారిపాలెంలో పడవ షికారు కూడా ఏర్పాటు చేస్తామన్నారు. లైఫ్ జాకెట్ ఇస్తేనే పడవ ఎక్కాలి. ఊగే పడవలో నుంచి పొడుగు లెన్స్‌తో చిత్రాలు ఆశించకూడదు.

ధర విషయానికి వస్తే, పదీ పన్నెండు మంది స్నేహితులు ఉండి సొంతంగా టెంపో ట్రావెలర్ మాట్లాడుకోగలిగితే తలకు పడే ఖర్చు ఇంతకన్నా తగ్గుతుంది, సమయాలు కూడా మన చేతిలో ఉంటాయి. అప్పుడు నేలపట్టులో పది దాటేవరకు ఉండి, సూళ్లూరుపేటలో తీరికగా భోంచేసి, ఎండ తగ్గాక పులికాట్ రోడ్డు ఎక్కి, అస్తమయం చూసుకుని రాత్రి తొమ్మిది లోపు నెల్లూరు చేరవచ్చు. అంతమంది కుదరనివారు, ఒంటరిగా వచ్చేవారు, మొదటిసారి పక్షులను చూడబోయేవారు ఈ నిర్వాహకులతో నిశ్చింతగా వెళ్ళవచ్చు. సీటు ఖాయం చేసుకునే ముందు ప్రవేశ రుసుము, కెమెరా రుసుము ఏదైనా ఉంటే అవి ఇచ్చిన సొమ్ములో కలిసి ఉన్నాయో లేదో, బండిలో కెమెరా సంచులకు చోటు ఎంతో అడగాలి. మా బండిలో సంచులను ఒడిలోనే పెట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే రోజుల్లో కూడా వీరు ప్రత్యేక యాత్ర వేస్తామంటున్నారు. పిల్లలతో, పెద్దలతో వెళ్ళాలనుకునేవారికి ఆ సందడి నచ్చుతుంది. ఫోటోల కోసమే అయితే గోపురం దగ్గర వరుసలో నిలబడవలసి వస్తుంది కనుక ఆ తేదీలను వదిలి, పండుగకు ముందో తరువాతో వారం మధ్యలో ఒక రోజు అడగడం మంచిది. తగినంతమంది కలిస్తే వారం మధ్యలో కూడా బండి వేస్తామని, సాయంత్రం వరకు పులికాట్‌లో ఉండేలా సమయం మారుస్తామని నిర్వాహకులు మాట ఇచ్చారు.