కన్వెన్షనల్ ఆపేసి సుమోకి మారాలా, రెండూ నడపాలా?

నేల మీదున్న బరువు బార్‌ని నిటారుగా నిలబడేదాకా లేపడమే డెడ్‌లిఫ్ట్. కాళ్లు దగ్గరగా పెట్టి, చేతులు మోకాళ్ల బయట నుంచి పోనిచ్చి లేపే మామూలు పద్ధతి కన్వెన్షనల్. ఆ బరువు నెలల తరబడి ఒకేచోట ఆగిపోయిందంటే చాలామంది చూపు సుమో మీద పడుతుంది. కాళ్లు బాగా ఎడంగా పెట్టి, చేతులు మోకాళ్ల లోపలి నుంచి పోనిచ్చి బార్ లేపే పద్ధతి అది. బార్ లేవాల్సిన ఎత్తు తగ్గుతుంది కాబట్టి "అదంతా మోసం" అనేవాళ్లు ప్రతి జిమ్‌లోనూ ఒకరుంటారు. పవర్‌లిఫ్టింగ్ నిబంధనలు రెండింటినీ ఒప్పుకుంటాయి. పవర్‌లిఫ్టర్ ఎడ్ కోన్ 100 కిలోల శరీర బరువు తరగతిలో 400 కిలోలు దాటించింది సుమోతోనే. స్ట్రాంగ్‌మన్ (బలశాలుల) పోటీల్లో మాత్రం సుమో చెల్లదు. 2016లో ఎడ్డీ హాల్ లేపిన 500 కిలోలు, 2020లో హాఫ్థోర్ బ్యోర్న్‌సన్ లేపిన 501 కిలోలు కన్వెన్షనలే. ఏది గొప్పదన్న గొడవ వాళ్లకే వదిలేద్దాం. వారంవారం నడుస్తున్న ప్రోగ్రామ్ చెడకుండా కొత్తది ఎలా నేర్చుకోవాలన్నది మనకు కావాల్సింది.

ముందు ఒంటికి ఏం మారుతుందో చూడాలి. కన్వెన్షనల్‌లో ఒళ్లు ఎక్కువ ముందుకు వంగుతుంది, నడుము మీద పని ఎక్కువ పడుతుంది. సుమోలో ఛాతీ కాస్త నిటారుగా ఉంటుంది. ముందు తొడలు, తొడ లోపలి కండరాలు బరువు పంచుకుంటాయి. అసలు తేడా వేగంలో తెలుస్తుంది. కన్వెన్షనల్‌లో బార్ నేల నుంచి చురుగ్గా లేచి, మోకాళ్ల దగ్గర మొండికేస్తుంది. సుమోలో నేల వదలడమే గగనం, వదిలిందా, పైదంతా సులువు.

పాత అలవాటు ఉన్నవాళ్లకు ఇక్కడే ఓపిక నశిస్తుంది. బార్ కదలట్లేదని ఒక్క గుంజు గుంజుతారు. తుంటి ముందే పైకి లేస్తుంది, మోకాళ్లు లోపలికి పడతాయి, చివరికి అది కాళ్లు ఎడంగా పెట్టిన కన్వెన్షనల్ అయి కూర్చుంటుంది. గుంజే ముందు బార్‌ని మెల్లగా బిగించాలి. బార్ ప్లేట్ల రంధ్రాలకు పైన ఆనుకున్నప్పుడు చిన్నగా "టక్" మంటుంది. అది వినిపించాకే పాదాలతో నేలను తొక్కాలి. మోకాళ్లు కాలివేళ్లు చూస్తున్న వైపే ఉండాలి. బాసింపట్టు వేసుకుని గంటసేపు కూర్చోగలిగినంత మాత్రాన సుమో వచ్చేయదు. తుంటి కీలు నిర్మాణం మనిషికీ మనిషికీ వేరు. కొందరికి కాళ్లు కొద్దిగా ఎడంగా పెడితేనే బాగుంటుంది.

ఇక దారులు. మొదటిది, కన్వెన్షనల్ పూర్తిగా మానేసి సుమోకి మారిపోవడం. సాధన అంతా ఒకదాని మీదే కాబట్టి త్వరగా పట్టుబడుతుంది. కానీ 140 కిలోలు లేపే మనిషి ఒక్కసారిగా 80కి దిగాలి. అంత దిగడానికి అహం ఒప్పుకోదు, వారం తిరక్కుండా 120 వేసేస్తాడు. వీపుకు ఆ బలం ఉంది, తొడ లోపలి కండరాలకు లేదు. గజ్జల్లో పట్టేస్తే స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని గుంజీలు తీయడం) కూడా పోతుంది. నాకైతే ఈ దారి నచ్చదు.

రెండోది, డెడ్‌లిఫ్ట్ రోజునే ముందు తేలిక సుమో, తర్వాత మామూలు కన్వెన్షనల్. వారానికి మూడు రోజులే జిమ్‌కి వెళ్లేవాళ్లకు ఇదే నయం. 60 కిలోలతో మూడేసి రెప్స్ (ఒక్కో రెప్ అంటే ఒకసారి లేపడం) చొప్పున నాలుగైదు సెట్లు చేస్తే వార్మప్ కూడా అయిపోతుంది. వరస తిప్పితే మాత్రం లాభం లేదు. అలసిన ఒంటితో కొత్త కదలిక నేర్చుకుంటే తప్పులే అలవాటవుతాయి.

మూడోది, సుమోకి విడిగా ఒక రోజు. నాలుగు రోజులు కుదిరేవాళ్లకు నా ఓటు దీనికే. సోమవారం స్క్వాట్ ఉంటే గురువారం బరువైన కన్వెన్షనల్, శనివారం తేలిక సుమో. బార్ వేగం తగ్గనంత వరకే బరువు పెంచాలి, వారానికి ఐదు కిలోలు చాలు. సుమో మర్నాడు బరువు స్క్వాట్ పెట్టుకోవద్దు, తొడల లోపలి నొప్పి ఏంటో అప్పుడు తెలుస్తుంది.

మన జిమ్‌లలో ఇంకో చిక్కుంది. ప్రమాణ ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు. చాలాచోట్ల 10 కిలోల ప్లేట్లు అంతకంటే చిన్నవి కాబట్టి 60 కిలోలు అలా కడితే బార్ మరీ కిందికి పోతుంది, నేర్చుకునేది వేరే లిఫ్ట్ అవుతుంది. రెండు వైపులా ప్లేట్ల కింద చెక్కలు గానీ, పడుకోబెట్టిన ప్లేట్లు గానీ పెట్టి ఎత్తు సరిచేసుకోండి. మెత్తటి రన్నింగ్ షూ పక్కన పడేయండి. సుమోలో కాలివేళ్లు ప్లేట్లకు బాగా దగ్గరగా ఉంటాయి కాబట్టి బార్‌ని ధబాల్న వదలకండి.

ఎనిమిది, పది వారాలయ్యాక ఐదు రెప్స్‌కి లేపగలిగిన బరువులు రెండిటివీ పక్కపక్కన పెట్టి చూడండి. సుమో బాగా దగ్గరికొచ్చి, నడుము కూడా హాయిగా ఉంటే అప్పుడు దాన్నే ముఖ్యమైన లిఫ్ట్ చేసుకోవచ్చు. రాకపోతే శనివారం అలాగే నడవనివ్వండి, నష్టమేం లేదు. రెండు మూడు నెలల్లో పోటీ ఉన్నవాళ్లు మాత్రం అది అయ్యేదాకా సుమో జోలికి పోవద్దు.