ఆరేళ్లుగా వాడుతున్న టెస్ట్ ల్యాంప్: మూడుసార్లు బ్రేక్ లైట్ల జబ్బేంటో కనిపెట్టింది

2019లో విశాఖలో ఓ ఆటో ఎలక్ట్రికల్ కొట్లో 150 రూపాయలకు, బండి వైర్లలో కరెంటు వస్తోందో లేదో చూసే ఈ టెస్ట్ ల్యాంప్ కొన్నాను. స్క్రూడ్రైవర్ లాంటి పిడి, దాని కొసన సూది, పిడిలో చిన్న 12 వోల్టుల బల్బు, వెనక నుంచి మీటరు పొడవు వైరు, చివర క్రొకడైల్ క్లిప్పు. అంతే. దాని మీద కంపెనీ పేరు కూడా లేదు.

కొనడానికి కారణం మా హ్యాచ్‌బ్యాక్ ఎడమ బ్రేక్ లైటు. అనకాపల్లి దగ్గర టీకి ఆగితే, వెనకాలే వచ్చిన లారీ క్లీనరు దిగి, "సార్, ఎడమపక్క బ్రేక్ లైటు వెలగట్లేదండి, చూసుకోండి" అని చెప్పి వెళ్లాడు. ఆ అబ్బాయికి ఇప్పటికీ రుణపడి ఉన్నాననుకుంటాను. షెడ్డులో బల్బు మార్చారు. వారం వెలిగి ఆరిపోయింది. మళ్లీ బల్బు మార్చారు, మళ్లీ అంతే. మూడోసారి హోల్డర్‌లో వోల్టులు కొలిచే మీటరు పెట్టి, "12 వోల్టులు వస్తున్నాయండి, వైరింగ్ బాగానే ఉంది, బల్బులే నాసిరకం" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. ముందురోజు రాత్రి నేను బ్రేకు తొక్కుతుంటే మా ఆవిడ వెనక నిలబడి చూసి, పక్కనున్న ఇండికేటర్ సన్నగా వెలుగుతోందని చెప్పింది. బ్రేకు తొక్కితే ఇండికేటర్‌కేం పని?

ఆదివారం పొద్దున్నే లైటు విప్పి కూర్చున్నాను. పెడల్‌కీ సీటుకీ మధ్య మా నాన్నగారి చేతికర్ర బిగించి బ్రేకు తొక్కి ఉంచాను. క్లిప్పుని డిక్కీలో పెయింటు లేని బోల్టుకి తగిలించి, హోల్డర్‌లో బ్రేకు పాయింటు మీద సూది ఆనిస్తే ల్యాంపు నిండుగా వెలిగింది. కరెంటు వస్తోందన్నమాట. తర్వాత క్లిప్పు తీసి హోల్డర్ ఎర్త్ వైరుకి (కరెంటు బండి బాడీలోకి తిరిగి వెళ్లే వైరు) పెట్టాను. ఈసారి ఫిలమెంటు ఎర్రటి దారప్పోగులా మిణుకుమని ఊరుకుంది. జబ్బు ఎర్త్‌లో ఉంది. వైరు వెంట పోతే, బాడీకి బిగించిన చోట టెర్మినల్ నిండా పచ్చటి కిలుము. మా ఇల్లు సముద్రానికి కిలోమీటరు దూరం, ఉప్పుగాలి రాగిని వదలదు. ఎమరీ పేపర్‌తో మెరుపు తేలేదాకా గీకి, బోల్టు గట్టిగా బిగించి, పైన పల్చగా వాజలీన్ రాశాను. బల్బు మార్చినప్పుడల్లా వైరు కదిలి కాస్త అంటుకునేదేమో, అందుకే ఆ వారం రోజుల వెలుగు. ఆ పక్క బల్బు ఇంతవరకు మళ్లీ మార్చలేదు.

మీటరు అబద్ధం చెప్పలేదు. అది లాగే కరెంటు ఇంచుమించు ఏమీ ఉండదు కనుక, కిలుములో వెంట్రుకంత దారి ఉన్నా 12 చూపిస్తుంది. 21 వాట్ల బ్రేక్ బల్బుకి సుమారు 1.75 ఆంపియర్లు కావాలి, ఆ దారిలో అంత పారదు. టెస్ట్ ల్యాంప్ కూడా ఫిలమెంటు బల్బే కాబట్టి కరెంటు లాగి చూస్తుంది. కొనేటప్పుడు ఇది అడిగి మరీ తీసుకోండి. అచ్చం ఇలాగే ఉండే ఎల్‌ఈడీ రకాలు కొద్దిపాటి కరెంటుకే వెలిగిపోతాయి, ఈ పనికి అవి పనికిరావు.

రెండోది 2022లో. పొద్దున్న బండి స్టార్ట్ కాలేదు. "రాత్రంతా వెనక ఎర్రలైట్లు వెలుగుతూనే ఉన్నాయి సార్" అన్నాడు వాచ్‌మన్. రెండు బల్బులకు కలిపి గంటకు మూడున్నర ఆంపియర్-అవర్లు (బ్యాటరీలో నిల్వ ఉండే కరెంటు కొలత) పోతాయి. 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ తెల్లారేసరికి ఖాళీ కాక ఏం చేస్తుంది? జంపర్ కేబుల్ వేయించుకుని పెడల్ పైనున్న స్విచ్ చూశాను. దానికి రెండు వైర్లు. ఒకదాంట్లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, రెండోదాంట్లో తొక్కినప్పుడే రావాలి. తొక్కకుండానే రెండు చోట్లా ల్యాంపు వెలిగింది. స్విచ్ మొనను వేలితో నొక్కితే ఆరిపోయింది. స్విచ్ బాగానే ఉంది, పెడల్ తొక్కనప్పుడు దాని మొనను నొక్కి ఉంచాల్సిన ముక్కే లేదు! కిందికి చూస్తే మ్యాట్ మీద అప్పడం ముక్కల్లా ప్లాస్టిక్ తునకలు. పెడల్ కమ్మీ రంధ్రంలో ఉండే చిన్న స్టాపర్ ఎండి రాలిపోయింది. కొత్తది అప్పుడు 30 రూపాయలు పడింది.

మూడోసారి పైనున్న మూడో బ్రేక్ లైటుతో సహా మూడూ పోయాయి, దాంతో ఫ్యూజు మీద అనుమానం వచ్చింది. చూడటానికి దాన్ని పీకక్కర్లేదు, దాని తల మీద రెండు లోహపు చుక్కలుంటాయి. సూది ఒకదాని మీద పెడితే ల్యాంపు వెలిగి, రెండోదాని మీద వెలగకపోతే ఫ్యూజు కాలిపోయినట్టే. డిక్కీ తలుపు కీలు దగ్గర వైరు నలిగి బాడీకి తగులుతోంది, టేపు చుట్టి కొత్త ఫ్యూజు వేశాను.

ఒక తప్పు చేశాను. మొదట్లో వైరు తొడుగులోకే సూది గుచ్చేవాణ్ని. ఓ వానాకాలం గడిచేసరికి ఆ రంధ్రం దగ్గర రాగి పచ్చబడింది. ఇప్పుడు కనెక్టర్ వెనక నుంచే ఆనిస్తాను. పసుపు రంగు ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి మాత్రం దీంతో అస్సలు వెళ్లకండి.

వస్తువులో లోపాలూ ఉన్నాయి. నాలుగో ఏడాది వైరు పిడి దగ్గర తెగితే టంకం పెట్టుకున్నాను. క్లిప్పు స్ప్రింగు ఇప్పుడు వదులైంది. అన్నిటికంటే ఇబ్బంది వైరు పొడవు: ముందున్న బ్యాటరీకి తగిలిస్తే స్విచ్ దాకా రాదు. ఇంకో రెండు మీటర్లు అతికించాకే చేతికి హాయిగా ఉంది.