మేరీ ఆంటిన్ ‘ది ప్రామిస్డ్ ల్యాండ్’: పుస్తకం తప్పకుండా చదవండి, నాకొచ్చిన ప్రింట్ మాత్రం కొనకండి

ముందు కొనేవాళ్ళకి పనికొచ్చే మాట చెప్పేస్తా. ఈ ఆత్మకథ వచ్చింది 1912లో, రాసినావిడ పోయింది 1949లో, కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఎవరు పడితే వాళ్ళు ప్రింట్ చేసి ఆన్‌లైన్లో పెట్టేస్తున్నారు, నేను ఆర్డర్ పెట్టింది అలాంటి కాపీయే. ఎంవీపీ కాలనీకి చెప్పిన టైముకే తెచ్చిచ్చారు, డెలివరీకి వంక పెట్టక్కర్లేదు, కానీ లోపల చూస్తే అక్షరాలు మరీ సన్నం, పక్కన మార్జిన్ అనేదే లేదు, మధ్యలోకి తెరిస్తే బైండింగ్ విడిపోతోంది, అసలు పుస్తకంలో ఉండాల్సిన ఫొటోలు ఒక్కటీ లేవు, ఆఖర్న యూదుల ఆచారాల మాటలకి అర్థాలిచ్చే పట్టిక ఉండాలి, దాన్ని కూడా లేపేశారు. ఆ పట్టిక లేకపోతే మనలాంటి వాళ్ళకి మొదటి సగంలో చాలా చోట్ల ఆగిపోవాల్సి వస్తుంది. కాబట్టి ఫోన్లో చదివే అలవాటుంటే పాత పుస్తకాలు ఉంచే వెబ్‌సైట్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ లో ఫ్రీగా ఉంది, అక్కడ చదువుకోండి. చేతిలో పుస్తకం కావాలనుకుంటే పెంగ్విన్ క్లాసిక్స్ వాళ్ళది, వెర్నర్ సోలర్స్ ముందుమాట ఉన్నది చూసి తీసుకోండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా పర్లేదు.

ఇంక అసలు విషయం. మన వైజాగ్‌లో ద్వారకా నగర్ సైడ్ వెళ్తే ఏ బిల్డింగ్ చూసినా జీఆర్ఈ, ఐఈఎల్‌టీఎస్, వీసా కన్సల్టెన్సీ బోర్డులే కదా. అమెరికాకి ఎలా వెళ్ళాలో చెప్పేవాళ్ళకి కొదవే లేదు. వెళ్ళాక మనిషి ఎలా మారిపోతాడో, ఆ మారడానికి ఇంట్లో ఎవరు ఏం మూల్యం కట్టారో చెప్పేవాళ్ళే దొరకరు. ఈ పుస్తకం అది చెప్తుంది, అదీ వందేళ్ళ కిందటి ఒక యూదు అమ్మాయి నోటితో. అందుకే ఇంత పొడుగు రివ్యూ రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మేరీ ఆంటిన్ 1881లో పోలోట్స్క్ అనే ఊళ్ళో పుట్టింది, ఇప్పుడది బెలారుస్‌లో ఉంది, అప్పుడు రష్యా జార్ రాజ్యం. యూదులు ఈ జిల్లాల్లోనే బతకాలి, పర్మిషన్ లేకుండా ఇవతలికి రాకూడదు అని ప్రభుత్వం గీత గీసి పెట్టింది. దాన్నే పేల్ ఆఫ్ సెటిల్మెంట్ అంటారు. స్కూళ్ళలో కూడా యూదు పిల్లలకి కోటా, 1887 నుంచి పేల్ లోపల అయితే పెద్ద స్కూళ్ళలో ప్రతి పదిమంది పిల్లల్లో యూదులు ఒక్కరే ఉండాలి. ఇంట్లో మగపిల్లలకి మతం చదువు ఉంటుంది, ఆడపిల్లకి ప్రార్థన చదవడం వస్తే చాలు అనేవాళ్ళు. ఈవిడ నాన్న మాత్రం ఆడపిల్లలకీ చదువు చెప్పించాలనుకున్నాడు, మొదలు కూడా పెట్టాడు, ఇంతలో ఇంట్లో జబ్బులు, వ్యాపారం మునిగిపోవడం, చదువు ఆగిపోయింది. 1891లో ఆయన ఒక్కడే అమెరికా వెళ్ళిపోయాడు, భార్యాపిల్లలకి 1894లో గానీ టిక్కెట్లు పంపలేకపోయాడు. 1881 నుంచి మొదటి ప్రపంచయుద్ధం దాకా తూర్పు యూరప్ నుంచి ఇరవై లక్షల మంది దాకా యూదులు ఇలాగే అమెరికా దారి పట్టారు, అందులో ఇదొక కుటుంబం.

నాకు బాగా నచ్చింది ఈ పోలోట్స్క్ భాగమే. ఒక చోట ఏం చేస్తుందంటే, సబ్బాతు, అంటే యూదులు వారానికోసారి పని మానేసే పవిత్రమైన రోజు, ఆ రోజు ఇంటి బయట ఏ వస్తువూ మోసుకెళ్ళకూడదని వాళ్ళ నియమం, జేబులో రుమాలు కూడా ఉండకూడదు. చిన్నపిల్ల కదా, దేవుడు నిజంగా చూస్తాడా లేదా అని పరీక్ష పెట్టాలనుకుంది, జేబులో రుమాలు పెట్టుకుని కావాలనే గడప దాటింది, దాటి అలా నిలబడింది. ఏమీ జరగలేదు. ఎవరికీ చెప్పలేదు. ఏకాదశి రోజు దొంగతనంగా ఏదో నోట్లో వేసుకుని దేవుడి గది వైపు చూస్తూ నిలబడ్డ పిల్లలందరికీ ఆ పేజీ అర్థమవుతుంది. ఇంకో చోట వాళ్ళ తాతగారి ఇంటి పక్క తోటలో డాలియా పూలు గుర్తున్నాయని రాస్తుంది, తర్వాత ఎవరో అవి డాలియాలు కావు గసగసాల పూలు అని చెప్పారట. అయినా సరే, నా జ్ఞాపకంలో ఉన్నవి డాలియాలే, నేను అవే ఉంచుకుంటా అని పట్టుబడుతుంది. ఆత్మకథ రాసేవాళ్ళు ఇంత నిజాయితీగా ఒప్పుకోవడం నేను ఎక్కువ చూళ్ళేదు.

ప్రయాణం చదువుతుంటే మాత్రం కడుపులో తిప్పేస్తుంది. జర్మనీ సరిహద్దులో కలరా భయంతో ఆపేశారు, డబ్బులు చాలవన్నారు, వెనక్కి పొమ్మన్నారు, అక్కడున్న ఒక యూదు పెద్దమనిషి పుణ్యమా అని ముందుకు కదిలారు. బెర్లిన్ దగ్గర అందర్నీ దింపి తెల్ల బట్టలేసుకున్న మనుషులు బట్టలు విప్పించి, ఒళ్ళంతా జారుడుగా ఏదో రుద్ది, నీళ్ళు పోసి, తొందరగా తొందరగా అని అరుస్తుంటే చంపేస్తారేమో అనుకున్నారట. ఆ తర్వాత హాంబర్గ్‌లో క్వారంటైన్, అక్కణ్ణించి ఓడ, 1894 మే నెలలో బోస్టన్. ఈ ప్రయాణం కథంతా ఆవిడ మొదట పోలోట్స్క్‌లో ఉన్న మేనమామకి యిద్దిష్ అనే తూర్పు యూరప్ యూదుల భాషలో రాసిన ఉత్తరం, అదే ఇంగ్లీషులోకి మారి 1899లో ఆవిడ మొదటి పుస్తకం అయింది. మనవాళ్ళు శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కించి ఇరవై మూడు కేజీల సూట్‌కేసులు రెండు, అందులో ఆవకాయ, కందిపొడి సర్ది పంపుతారు. ఆ పిల్లలు చదవాల్సిన పేజీలు ఇవి.

బోస్టన్ చేరాక ఆ ఇంట్లో అన్నీ వింతే. డబ్బాలోంచి తీసిన తిండి, అరటిపండు ఎలా తినాలో తెలియకపోవడం, ఊగే కుర్చీ. పాత పేర్లు వదిలేసి కొత్త పేర్లు పెట్టేసుకున్నారు, అక్క ఫెచ్కే కాస్తా ఫ్రీడా అయిపోయింది, మార్యాషే అనే ఈవిడ మేరీ అయింది. నాన్న బోస్టన్ పక్కనున్న రివేర్ దగ్గర క్రెసెంట్ బీచ్‌లో చిన్న కొట్టు పెట్టి లెమనేడ్, వేరుశనక్కాయలు, గులాబీ రంగు పాప్‌కార్న్ అమ్ముకున్నాడు, అది పోయింది, కిరాణా కొట్టు పెట్టాడు, అదీ అంతంతే. సాయంత్రం ఆర్‌కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గర పుస్తకాలు పెట్టుకుని చదువుకునే పిల్లల్ని చూస్తాం కదా, నాకు ఆ చాప్టర్ చదువుతున్నంతసేపూ వాళ్ళే కళ్ళముందు ఉన్నారు.

స్కూలు సంగతి మాత్రం ఆవిడ పండగ చెప్పినట్టు చెప్తుంది. పదమూడేళ్ళ పిల్ల చిన్నపిల్లల క్లాసులో కూర్చుని మొదలెట్టింది, నాలుగు నెలల ఇంగ్లీషుతో మంచు గురించి రాసిన చిన్న వ్యాసాన్ని టీచర్ మిస్ డిల్లింగ్‌హామ్ పత్రికకి పంపి అచ్చు వేయించింది. తర్వాత జార్జ్ వాషింగ్టన్ మీద పద్యం రాసి, తనే పేపర్ ఆఫీసులు పట్టుకు తిరిగి బోస్టన్ హెరాల్డ్‌లో వేయించుకుంది, వాళ్ళ నాన్న ఆ రోజు దొరికిన కాపీలన్నీ కొనేశాడు. అదే మిస్ డిల్లింగ్‌హామ్ ఇంటికి టీకి పిలిస్తే ప్లేట్‌లో పంది మాంసం వస్తుంది, తినకపోతే ఎలా అని గుండె దిటవు చేసుకుని తింటుంది, అందరికంటే ఎక్కువే తింటుంది. అమెరికా వెళ్ళాక మొదటిసారి ఏదో తిని ఆ సంగతి ఇంటికి ఫోన్లో చెప్పలేకపోయిన పిల్లలు మన వీధిలోనే ఎంతమంది ఉంటారో.

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్నది. ఈ పుస్తకంలో గుండెకాయ లాంటి మనిషి మేరీ కాదు, ఆవిడ అక్క ఫ్రీడా. ఇద్దరికీ వయసులో పెద్ద తేడా కూడా లేదు. కానీ బోస్టన్ చేరకముందే ఇంట్లో అనుకున్నారట, పెద్దది పనికి, చిన్నది చదువుకి అని. ఎవరూ అన్యాయం చేద్దామని చేసింది కాదు. స్కూలుకి వేసుకెళ్ళే గౌన్లు కుట్టింది ఫ్రీడానే, ఆ గౌన్లు వేసుకుని చెల్లెళ్ళు ఎండ పడే క్లాసు రూములోకి వెళ్తే తను గాలాడని వర్క్‌షాపులోకి వెళ్ళింది. మేరీ దీన్ని దాచలేదు, రెండు దారులూ పక్కపక్కనే పెట్టి రాసింది, ఆ గౌను గుడ్డ మీది చుక్కలు కూడా గుర్తుపెట్టుకుంది.

మా అప్ప, అంటే మా అక్క, ఇంటర్ అయ్యాక చదువు ఆపేసి పూర్ణా మార్కెట్ దగ్గర బట్టల కొట్లో కూర్చుంది. ఆ జీతంతోనే నేను ఏవీఎన్ కాలేజీలో డిగ్రీ చేశాను, ఆ జీతం చూపించే తమ్ముడి అమెరికా చదువుకి లోనులో కొంత భాగం పుట్టింది. వాడు న్యూజెర్సీలో ఉన్నాడు, మంచివాడు, అప్పకి ఫోన్ చేయని ఆదివారం లేదు. కానీ మా బంధువుల్లో ఎవరు వాడి గురించి మాట్లాడినా కష్టపడి పైకొచ్చాడు అంటారు, ఆ మాటలో అప్ప ఎక్కడా ఉండదు. ఈ పేజీలు అప్పకి తెలుగులో చెప్తూ చదివాను. ఆవిడ చింతపండులో గింజలు తీస్తూ విన్నది, అంతా అయ్యాక "ఏటే, మరి ఆ అప్పకి పెళ్ళయిందా?" అని అడిగింది. అయింది, తొందరగానే అయింది, పిల్లలు కూడా అన్నాను. "పోన్లే" అంది.

లోపాలు లేవని కాదు. రెండో సగంలో అమెరికాని పొగడటం మరీ ఎక్కువైపోతుంది, కొన్ని చోట్ల పేజీలు తిప్పేయాలనిపించింది. ఆ దేశం తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయన్నట్టు రాస్తుంది, ఆవిడకి తెరిచారు నిజమే, కానీ అప్పట్లో అక్కడ పౌరసత్వం తెల్లవాళ్ళకి, ఆఫ్రికా మూలాలున్నవాళ్ళకి మాత్రమే. మనవాళ్ళ పరిస్థితి చూడండి, భగత్ సింగ్ థింద్ అని పంజాబీ ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు, అయినా 1923లో సుప్రీంకోర్టు నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది. 1946లో గానీ ఇండియావాళ్ళకి పౌరసత్వం దారి తెరుచుకోలేదు, అదీ ఏడాదికి వందమంది కోటా. మన తెలుగువాళ్ళు ఇంతమంది వెళ్ళగలిగింది 1965 వలస చట్టం తర్వాతే. ఇప్పటికీ గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికీ ఏడు శాతం మించకూడదు అనే నియమం ఉంది, మా తమ్ముడు ఆ లైనులోనే ఉన్నాడు. అయితే ఆంటిన్‌కి న్యాయం చేయాలంటే ఒకటి చెప్పాలి, వలసలు ఆపేయాలని అక్కడ గోల మొదలైతే ఆవిడ ఊరుకోలేదు, తన వెనక వచ్చేవాళ్ళ తరఫున 1914లో ఇంకో పుస్తకమే రాసింది. 1924లో తలుపులు దాదాపు మూసేశారు, అది వేరే సంగతి.

ఇంకొకటి, ఈ పుస్తకం రాసేటప్పటికి ఆవిడకి ముప్ఫై ఏళ్ళు. నేను పూర్తిగా వేరే మనిషిని అయిపోయాను, పాతదంతా మర్చిపోవాలని ఉంది అని మొదట్లోనే చెప్పేస్తుంది. తర్వాత ఏమైందో పుస్తకంలో ఉండదు కాబట్టి నేను చెప్తున్నా. భర్త గ్రాబో, భూగర్భ శాస్త్రవేత్త, జర్మన్ మూలాలున్న మనిషి, మొదటి యుద్ధం టైములో ఇద్దరికీ పడలేదు, ఆయన 1920లో చైనా వెళ్ళిపోయి అక్కడే ఉండిపోయాడు. ఈవిడ ఆరోగ్యం, మనసు రెండూ దెబ్బతిన్నాయి, ఇంత పెద్ద పుస్తకం మళ్ళీ రాలేదు. 1941లో ఒక వ్యాసం రాసింది, నేను తిరిగి యూదుల గూట్లోకి వెళ్ళలేను, కానీ వాళ్ళమీద ఇంత ద్వేషం నడుస్తుంటే పక్కన క్షేమంగా నిలబడి చూడనూలేను అని. ఆ ఏడాదే నాజీలు పోలోట్స్క్‌లోకి వచ్చారు, అక్కడి యూదుల్ని చంపేశారు. ఇది తెలిశాక మొదటి సగం మళ్ళీ చదవండి, ఆ వీధులు, ఆ స్నానాల గది, ఆ సబ్బాతు దీపాలు ఇంత వివరంగా రాసిపెట్టినందుకు ఆవిడకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. మర్చిపోవాలని కూర్చున్న మనిషే వాటిని మిగిల్చింది.

పుస్తకానికి ఐదుకి నాలుగున్నర, నాకొచ్చిన ప్రింట్‌కి ఒకటి. ఇంగ్లీషు కొంచెం పాతకాలంది, డిగ్రీ పిల్లలకి కష్టం కాదు, మొదటి రెండు చాప్టర్లు ఓపిక పడితే తర్వాత దానంతట అదే లాక్కెళ్తుంది. తమ్ముడికి పెంగ్విన్ కాపీ వాళ్ళ అడ్రసుకే పెట్టించాను. అప్పకి రోజూ రాత్రి కొంచెం కొంచెం చెప్తున్నా, మొన్న ఇంటి ఓనరు మిసెస్ హచ్ దగ్గరికొచ్చాం, అద్దె కట్టలేనివాళ్ళు పిల్లని పనికి పంపకుండా, కాలేజీకి తయారుచేసే లాటిన్ స్కూల్లో ఎందుకు చదివిస్తున్నారు అని ఆవిడ నిలదీస్తుంది, మేరీకి కోపం వచ్చి ఎదురు చెప్తుంది. నేను మేరీ వైపు. అప్ప మాత్రం అద్దె అడగడం ఆవిడ తప్పెలా అవుతుంది అంటోంది, ఇంకా తేలలేదు.