బిడ్డ పేరు మీద సర్వహక్కులు ఇప్పిస్తామనే వారికి డబ్బు కట్టకండి

బారసాల ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టిన తల్లిదండ్రులు, ముఖ్యంగా మన అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు వారు, ఎవరైనా ఫోన్ చేసి పేరు "రిజిస్ట్రేషన్" చేయిస్తామంటే ఒప్పుకొనే ముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను.

ఇరవై ఒకటో రోజున పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో మా పాపకు రాసిన పేరు అంతకు ముందు మేమెక్కడా విననిది. మా ఊరి పక్కన పారే వైనతేయ పేరులోని మొదటి అక్షరాన్ని మా అత్తగారి పేరుకు చేర్చి మేమే కూర్చుకున్నాము. ఆ పళ్లెం ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టిన మూడో రోజున ఒక సంస్థ నుంచి ఒకాయన ఫోన్ చేసి, ఇంత అరుదైన పేరును మరెవరూ పెట్టుకోకుండా కాపీరైటు, ట్రేడ్‌మార్కు రెండూ తీసుకోవచ్చని, ఖర్చు 18,500 రూపాయలని చెప్పారు. కట్టాము. రెండు వారాలకు హోలోగ్రామ్ అంటించిన ధ్రువపత్రం కొరియర్‌లో వస్తే ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నాము.

కొన్ని నెలల తరువాత మా ఆడపడుచు తన కూతురికీ అదే పేరు పెట్టాలనుకుంది. అందులో ఉన్నది ఆమె కన్నతల్లి పేరే కదా! ఈ సంగతి ఆ సంస్థకు చెప్పగానే, మరో 6,000 కడితే ఆమెకు లీగల్ నోటీసు పంపుతామని ముసాయిదా కూడా వాట్సాప్‌లో పంపారు. దానిపై మా ఆడపడుచు పేరు, ఇంటి చిరునామా చూసిన క్షణంలో నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ మర్నాడే అమలాపురంలో ఒక న్యాయవాదిని కలిశాము.

ఆయన ఆ పత్రాన్ని తిరగేసి చూసి, "అమ్మా, దీనిపై దరఖాస్తు సంఖ్య ఏదీ?" అని అడిగారు. లేదు. నిజమైన ట్రేడ్‌మార్కు దరఖాస్తుకు సంఖ్య ఉంటుందని, దానిని ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వెతికి చూడవచ్చని అప్పుడే తెలిసింది. కాపీరైటు పుస్తకానికో, పాటకో, చిత్రానికో ఉంటుంది గానీ ఒక్క పేరుకు ఉండదు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం పేరును కాపాడేది వ్యాపారంలోనే. సరుకులను, సేవలను 45 తరగతులుగా విభజించారు. వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే తరగతికి 4,500 రూపాయల రుసుము. నమోదు పదేళ్లు చెల్లుతుంది. బట్టలకో, బొమ్మలకో ఆ పేరు పెట్టి అమ్మే ఉద్దేశం లేని పసిబిడ్డకు దానితో పని లేదు. ఒకవేళ నమోదైనా, మరొకరు తమ సొంత పేరును నిజాయితీగా వాడుకోవడాన్ని అడ్డుకోలేమని అదే చట్టంలోని 35వ సెక్షన్ చెబుతోంది. అమెరికాలో గాయని బియాన్సే తన కూతురు బ్లూ ఐవీ పేరుకు ట్రేడ్‌మార్కు కోరినదీ సరుకుల కోసమే. అప్పటికే ఆ పేరుతో పెళ్లిళ్ల ఏర్పాట్లు చేస్తున్న ఒక సంస్థ దానికి అభ్యంతరం కూడా చెప్పింది.

నాకు ఎక్కువ బాధ కలిగించినది పోయిన డబ్బు కాదు. ఆ పత్రం ఉంది కదా అన్న ధీమాతో జనన రికార్డులో పాప పేరు చేర్పించడమే వాయిదా వేశాము. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఆధారం జనన ధ్రువపత్రమే. పుట్టిన చోటి మున్సిపాలిటీలోనో, పంచాయతీలోనో జననం నమోదైన 12 నెలల లోపు పేరును రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తరువాత రుసుముతో 15 ఏళ్ల వరకు వీలుంటుంది. మాకు గడువు ఇంకా మిగిలి ఉండడంతో పైసా ఖర్చు లేకుండా పని పూర్తయింది. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అక్షరాలు సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి.

ఇప్పటికే కట్టినవారు చెల్లింపు రసీదును, వాట్సాప్ సందేశాలను, కొరియర్ కవరును పారేయకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు దాటకపోతే దానికి రుసుము కూడా లేదు. మేము ఆ కాగితాలన్నీ జత చేసి ఫిర్యాదు సిద్ధం చేసుకున్నాము. ఆ నోటీసు ముసాయిదాను కూడా అందులోనే పెట్టాము.