శ్రీకాకుళంలో పార్సర్ నేర్పే క్లాసు: చేరొచ్చా?

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మేడ మీద నడిచే ఓ చిన్న కంప్యూటర్ సెంటర్‌లో సాయంత్రం బ్యాచ్ ఇది. బోర్డు మీద పైథాన్ అనే ఉంటుంది గానీ, బేసిక్స్ అయ్యాక మాస్టారు లెక్కలు చేసే పార్సర్ (రాసిన లెక్కని ముక్కలు చేసి అర్థం చేసుకునే ప్రోగ్రామ్) ఒకటి రాయిస్తారు, అదీ ఎవాల్ (రాసిన లెక్కని నేరుగా చేసిపెట్టే పైథాన్ ఫంక్షన్) ముట్టుకోకుండా, లైబ్రరీ ఏదీ వాడకుండా. కట్టిన ఫీజు నాకు ఈ ఒక్క ముక్కకే గిట్టుబాటైంది.

12+3*(4-1) ఇస్తే సంఖ్యలు, గుర్తులు, బ్రాకెట్లు టోకెన్లుగా, అంటే విడివిడి ముక్కలుగా, విడదీయడం తేలిక పనే. అసలు సంగతంతా గ్రామర్ దగ్గరుంది, అంటే లెక్క ఏ ముక్కలతో ఎలా కట్టాలో చెప్పే రూల్స్ దగ్గర. ఎక్స్‌ప్రెషన్ అంటే కొన్ని టర్ములు, మధ్యలో ప్లస్సులు మైనస్సులు. టర్మ్ అంటే కొన్ని ఫ్యాక్టర్లు, మధ్యలో గుణకారాలు భాగహారాలు. ఫ్యాక్టర్ అంటే ఒక సంఖ్య, లేదంటే బ్రాకెట్లో మళ్లీ ఇంకో ఎక్స్‌ప్రెషన్. రూలుకో ఫంక్షన్, అవే ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి, కాబట్టి గుణకారం ముందు చెయ్యమని విడిగా ఎక్కడా రాయక్కర్లేదు, టర్మ్ లోపలుంది గనక దాని లెక్క ముందే తేలిపోతుంది.

మాస్టారి గొప్పతనం ఏంటంటే, తప్పు దారిలో కూడా మనతో నడిపించి చూపిస్తారు. ముందు "ఎక్స్‌ప్రెషన్ అంటే ఎక్స్‌ప్రెషన్ ప్లస్ టర్మ్" అని ఉన్నదున్నట్టు కోడ్ రాయించారు. ఒక్క టోకెన్ కూడా ముందుకి జరక్కుండా ఆ ఫంక్షన్ తనని తానే పిలుచుకుంటూ పోయి, పైథాన్ మామూలుగా పెట్టే 1000 పిలుపుల పరిమితి దాటగానే రికర్షన్ ఎర్రర్ కొట్టింది (ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడమే రికర్షన్). సరే అని తిరగేసి టర్మ్ ముందు పెట్టిస్తే ఆగింది గానీ కుడివైపు నుంచి 8-(3-2) అని చేసి 8-3-2కి 7 ఇచ్చింది, 3 రావాలి కదా! అప్పుడు ఎడమవైపు నుంచి చేసుకుంటూ పోయేలా వైల్ లూప్ పెట్టించారు. 2**3**2కి (పైథాన్లో ** అంటే ఘాతం) మాత్రం మళ్లీ కుడివైపు నుంచే చెయ్యాలి, 512 రావాలి, అక్కడ రికర్షనే కరెక్ట్.

"ఇది ఉద్యోగానికి పనికొస్తుందా మాస్టారూ?" అని ఎవరో అడిగితే, జీసీసీ (ప్రోగ్రామ్‌ని మెషీన్ భాషలోకి మార్చే ఓ పేరున్న కంపైలర్) వాళ్లు 2004లో 3.4 వెర్షన్‌కి సీ ప్లస్ ప్లస్ పార్సర్‌ని ఇదే పద్ధతిలో చేత్తో తిరగరాశారని చెప్పి ఊరుకున్నారు.

లోటు లేదా అంటే ఉంది. ఎర్రర్ల సంగతి దాదాపు వదిలేశారు. 3+*4 ఇస్తే "తప్పు" అంటుందే గానీ ఎన్నో అక్షరం దగ్గరో చెప్పదు, టోకెన్‌తో పాటు దాని స్థానం కూడా దాచుకుంటే సరిపోయేది. 2 3 అని కొడితే ఇంకా ఘోరం, నోరెత్తకుండా 2 ఇచ్చేస్తుంది, చివర్లో టోకెన్లు మిగిలాయేమో చూడాలన్న మాటే రాలేదు. -5+2కి పనిచేయదు, "ఇంటి దగ్గర చేసుకోండి" అన్నారు. సిస్టమ్స్ పాతవి, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లే తిరుగుతాయి.

ఫంక్షన్లు రానివాళ్లు ఇప్పుడే చేరకండి, రెండో వారానికే వెనకబడిపోతారు. వచ్చినవాళ్లు చేరండి, సొంత ల్యాప్‌టాప్ ఉంటే పట్టుకెళ్లండి.